గుమ్మం మీద పెన్సిల్ గీతలు

ఏ ఊరి క్వార్టర్స్‌లో ఉన్నా అమ్మ వంటింటి గుమ్మం మీద పెన్సిల్‌తో నా ఎత్తు గీసి తేదీ వేస్తుంది. నాన్నగారికి ట్రాన్స్‌ఫర్ రాగానే ఆ గీతలు అక్కడే ఉండిపోతాయి. తర్వాత వచ్చినవాళ్లు రంగు వేయిస్తారు. అందుకే నేను ఏ ఏడు ఎంత పెరిగానో మా ఇంట్లో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు.

ధ్రువ పరిశోధన అనగానే చార్టు మీద మంచు, జెండా, పెంగ్విన్ వేస్తాం. నేనూ వేశాను, రెండో బహుమతి కూడా వచ్చింది. ఇప్పుడు మాత్రం ఒకేచోటికి మళ్లీ మళ్లీ వెళ్లి నీటిని కొలిచేవాళ్లే నాకు గొప్పగా కనిపిస్తున్నారు.

మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు నాలుగో వంతును సముద్రాలు పీల్చుకుంటాయి. అది నీటిలో కార్బానిక్ ఆమ్లం అవుతుంది. చల్లటి సోడాలో గ్యాస్ నిలిచినట్టే, చల్లటి ధ్రువజలాల్లో ఈ వాయువు ఎక్కువగా కరుగుతుంది. పారిశ్రామిక యుగానికి ముందు సముద్రపు పైనీటి పీహెచ్ సుమారు 8.2. ఇప్పుడు 8.1 దగ్గర ఉంది. ఇంతేనా అనుకున్నాను. కెమిస్ట్రీ మేడమ్ లాగరిథమ్ వేసి చూపించారు: ఆమ్లత్వం నాలుగో వంతుకు పైగా పెరిగిందట! అంటార్కిటికా చుట్టూ ఉన్న సముద్రంలో 2008లో పట్టిన టెరోపాడ్‌లనే చిట్టి నత్తల గుల్లలు అప్పటికే కరుగుతున్నాయి. చేపలకు అవి ఆహారం.

2010 వేసవిలో యూరప్ శాస్త్రవేత్తలు ఆర్కిటిక్‌లోని కాంగ్స్‌ఫ్యోర్డెన్‌లో తొమ్మిది పెద్ద ప్లాస్టిక్ సంచులు దింపి, లోపలి నీటిలో కార్బన్ డయాక్సైడ్ పెంచి ప్లాంక్టన్ ఏమవుతుందో చూశారు. గొప్ప ప్రయోగమే, కానీ కొన్ని వారాలది. మన ‘హిమాద్రి’ కేంద్రం 2008 నుంచి ఆ ఒడ్డునే ఉంది. 2014లో మనవాళ్లు అదే ఫ్యోర్డ్‌లో 192 మీటర్ల లోతున్న చోట ‘ఇండార్క్’ పరికరాలను లంగరు వేసి దింపారు. ధ్రువరాత్రి చీకట్లోనూ అవి నీటి ఉష్ణోగ్రత, లవణీయత నమోదు చేసేలా అమర్చారు. పీహెచ్ కొలతలకూ అలాంటి ఓపికే కావాలి.

“ఆమ్లత్వం పెరుగుతోందని తెలిసిపోయిందిగా, ఇంకా కొలవడమెందుకు?” అని మా క్లాసులో ఒకడు అడిగాడు. వేసవిలో మంచు కరిగినా, నాచు పెరిగినా అక్కడి నీటి పీహెచ్ మారుతుంది. ఏది రుతువు వల్ల వచ్చిన మార్పో, ఏది మన పొగ వల్ల వచ్చిందో విడదీయాలంటే ఏళ్ల తరబడి కొలతలు కావాలి. ఒక ఏడు మానేస్తే ఆ ఏటి నీరు మళ్లీ దొరకదు. కాబట్టి కొత్త యాత్రల కన్నా ముందు, నడుస్తున్న కొలతలు ఆగకుండా డబ్బివ్వాలని నా అభిప్రాయం.

నాన్నగారికి మళ్లీ ట్రాన్స్‌ఫర్ అంటున్నారు. ఈసారి గీతలు గుమ్మం మీద వద్దు, పొడవాటి కాగితం మీద గీయమని అమ్మకు చెప్పాను. చుట్టి ట్రంకుపెట్టెలో పెట్టుకోవచ్చు.

— పదకొండో తరగతి విద్యార్థిని