గుడ్డ కన్నా గాలి మేలు

గోదావరిఖనిలో కారు కడగడం తేలికే, ఆరబెట్టడమే తంటా. పొద్దున తుడిస్తే సాయంత్రానికి బానెట్ మీద వేలితో పేరు రాయొచ్చు. నిజానికి బొగ్గు నుసి మెత్తనిదే. గీతలు పెట్టేది దాంతో కలిసొచ్చే రాతిపొడి. సింగరేణి ఓపెన్‌కాస్టుల్లో బొగ్గు మీదున్న ఇసుకరాతిని పేల్చి తోడేస్తారు. అందులోని క్వార్ట్జ్ రేణువులు కారు పెయింటు కన్నా ఎంతో గట్టివి. కడిగాక మిగిలిన రేణువొకటి గుడ్డ కింద పడితే చాలు, ఎండలో సన్నటి గీతలు తేలతాయి.

బ్లోయర్‌తో ఆ రాపిడి ఉండదు. కొనేటప్పుడు అందరూ వాట్లే అడుగుతారు. ఖనిలో మొదట చూడాల్సింది గాలి పీల్చుకునేచోట ఫిల్టర్ ఉందా అని. కంప్యూటర్ల దుమ్ము దులిపే ఐదారొందల వాట్ల రకం చవకే, చిన్న కారుకు గాలీ సరిపోతుంది. కానీ ఫిల్టర్ లేనిది పీల్చిన దుమ్మునే తడి పెయింటు మీదికి కొడుతుంది. ఇక కడిగి ఏం లాభం? విప్పి ఉతుక్కోగల స్పాంజి ఫిల్టర్, మూతికి రబ్బరు తొడుగు ఉన్నది తీసుకోవాలి. ఛార్జింగ్‌ రకానికి వైరు బెడద లేదు గానీ, చిన్నవి కారు సగం ఆరేసరికే చతికిలబడొచ్చు. వైరుది వాడితే కాళ్లకు చెప్పులు, ప్లగ్గు పాయింటుకు ఆర్‌సీసీబీ తప్పనిసరి.

టాపుతో మొదలుపెట్టి కిందికి రావాలి. పక్క అద్దాల సందుల్ని మాత్రం వదలొద్దు. అక్కడ దాగిన నీరే బండి కదలగానే ఆరిన తలుపు మీద చారలు కడుతుంది.