సైకిలు కథ – మన ఆడబిడ్డల బడిదారి

గుర్రాలను, కంచర గాడిదలను, గాడిదలను మానవుని స్వారీ కోసం అల్లాహ్ సృష్టించాడని, మానవుడు ఎరుగని వాటిని కూడా ఆయన సృష్టిస్తాడని దివ్య ఖుర్ఆన్‌లోని నహ్ల్ సూరా (16:8) తెలియజేస్తుంది. ఆ ఆయతు అవతరించిన కాలంలో ఎవరి ఊహకూ అందని వాహనాలలో సైకిలు ఒకటి. దానికి మేత అక్కరలేదు, చమురు అక్కరలేదు. నేడది పేదవాని వాహనం. అయితే పుట్టినప్పుడు అది పేదవానిది కాదు.

1817 జూన్ 12న జర్మనీలోని మన్‌హైమ్ నగరం నుండి కార్ల్ డ్రైస్ అనే వ్యక్తి రెండు చక్రాల కొయ్యబండిపై కూర్చుని, పాదాలతో నేలను వెనక్కు నెడుతూ కొన్ని మైళ్ల దూరం పోయి తిరిగి వచ్చాడు. దానికి పెడళ్లు లేవు. అంతకు రెండేళ్ల క్రితం, 1815లో, ఇండోనేషియాలోని తంబోరా అగ్నిపర్వతం బద్దలైంది. దాని ప్రభావంతో 1816లో ఐరోపాకు వేసవే లేకపోయింది. పంటలు దెబ్బతిన్నాయి, గుర్రాలకు మేత కరువైంది. గుర్రం అవసరం లేని వాహనాన్ని వెతకడానికి ఆ కరువే ప్రేరణ అని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. కష్టంతోపాటే సౌలభ్యం ఉందన్న దైవవాక్కు ఇక్కడ గుర్తుకు వస్తుంది.

1860లలో పారిస్‌లో ముందు చక్రానికి పెడళ్లు అమర్చారు. పెడలు ఒకసారి తిరిగితే చక్రం కూడా ఒక్క చుట్టే తిరుగుతుంది. అందువల్ల వేగం కోరినవారు ముందు చక్రాన్ని పెంచుకుంటూ పోయారు. 1870లలో అది దాదాపు ఒకటిన్నర మీటర్ల ఎత్తుకు చేరింది. అంత ఎత్తునుండి ముందుకు పడితే ప్రాణాపాయమే. దృఢకాయులైన సంపన్న యువకులకు అది వినోదం. స్త్రీలకు, వృద్ధులకు, కూలివారికి అందని వస్తువు.

1885లో ఇంగ్లండులోని కోవెంట్రీ నగరంలో జాన్ కెంప్ స్టార్లీ దాదాపు సమానమైన రెండు చక్రాలతో, గొలుసుతో నడిచే సైకిలును తెచ్చాడు. పెడళ్ల వద్ద పెద్ద పళ్లచక్రం, వెనుక చక్రం వద్ద చిన్న పళ్లచక్రం. పెడలు ఒకసారి తిరిగితే వెనుక చక్రం ఒకటికి మించి చుట్లు తిరుగుతుంది. ఇక ఎత్తైన చక్రంతో పని లేదు. ఆ నమూనాకు 'సేఫ్టీ' అనే పేరు వచ్చింది. బెల్‌ఫాస్ట్‌లోని పశువైద్యుడు జాన్ బాయ్డ్ డన్‌లప్ తన చిన్న కుమారుని మూడుచక్రాల బండికి కుదుపులు తగ్గించాలని గాలి నింపిన టైరు తయారుచేసి, 1888లో పేటెంటు పొందాడు.

ఆ తరువాత స్త్రీల వంతు వచ్చింది. పొడవైన దుస్తులు ధరించేవారి కోసం ఫ్రేములోని పైకడ్డీని తీసివేసి క్రిందికి వంచారు. గొలుసుకు కవరు, వెనుక చక్రానికి వల అమర్చారు. నిండైన వస్త్రధారణతోనే సైకిలు నడిపే వీలు కలిగింది. మన 'లేడీస్ సైకిలు' ఆ సంతతిదే. సైకిలు తొక్కితే స్త్రీల ముఖం వికారమవుతుందని 1890లలో హెచ్చరించిన వైద్యులు కూడా ఉన్నారు! ఆ మాటలు నిలవలేదు.

ఈ చరిత్రలో ఒక పాఠం ఉంది. బలహీనుల అవసరాన్ని గమనించినప్పుడల్లా సైకిలు మెరుగైంది. ఇక మిగిలిన అడుగు మన ఇళ్లలో పడాలి. అనేక గ్రామాలలో ప్రాథమిక పాఠశాల ఊళ్లోనే ఉంటుంది. ఉన్నత పాఠశాల మూడు నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఆ దూరం దగ్గరే మన ఆడబిడ్డల చదువు ఆగిపోతోంది. కుమారునికి సంతోషంగా సైకిలు కొనే తండ్రి, కుమార్తె అడిగితే "నలుగురూ ఏమంటారు?" అంటాడు.

నలుగురి మాట ధర్మశాస్త్రం కాదు. ఒంటెలనెక్కే స్త్రీలలో ఉత్తములు ఖురైష్ వనితలని, వారు పసిబిడ్డలపై మిక్కిలి వాత్సల్యం గలవారని దైవప్రవక్త (సఅసం) ప్రశంసించినట్లు బుఖారీ హదీసు గ్రంథంలో ఉంది. స్వారీ చేయడం స్త్రీ మర్యాదకు భంగమైతే ఆ ప్రశంసే ఉండేది కాదు. మహ్రమ్ తోడు లేని ప్రయాణం గురించి కొందరు సందేహిస్తారు. హనఫీ ఫిఖ్‌హ్‌లో 'సఫర్'గా పరిగణించే దూరం సుమారు 77 కిలోమీటర్లు. పొరుగూరి బడిదారి దాని కిందికి రాదు. అయితే హయా, పరదా, భద్రత తప్పనిసరి. వాటికి తగిన ఏర్పాటు చేయడం తల్లిదండ్రుల బాధ్యత.

1990ల తొలినాళ్లలో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో, అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా వేలాది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. వారిలో ముస్లిం యువతులూ ఉన్నారు. బీహారు ప్రభుత్వం 2006లో తొమ్మిదవ తరగతిలో చేరే బాలికలకు సైకిలు పథకం ప్రారంభించింది. దానివల్ల ఆ స్థాయిలో బాలికల చేరిక 32 శాతం పెరిగిందని ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిషీత్ ప్రకాశ్‌ల పరిశోధనలో తేలింది. బడి మూడు కిలోమీటర్లకు మించి ఉన్న గ్రామాలలోనే ఫలితం ఎక్కువగా కనిపించింది.

సోదరులారా! బడులు తెరిచేలోపు మీ కుమార్తెకు ఒక సైకిలు చూడండి, పాతదైనా ఫర్వాలేదు. గొలుసు కవరు, వెనుక చక్రానికి వల ఉన్నాయో లేదో గమనించండి, లేకుంటే బురఖా అంచు చిక్కుకుంటుంది. బ్రేకులు మీరే పరీక్షించండి. వాడలోని నలుగురైదుగురు పిల్లలు కలిసి వెళ్లేలా చూడండి. సైకిలెక్కేటప్పుడు, ఈ వాహనాన్ని మనకు వశపరచిన ప్రభువును స్తుతించే దుఆ (జుఖ్రుఫ్ 43:13, 14) నేర్పండి.

విద్యార్జన ప్రతి ముస్లింపై విధి. ఆ విధిని మన కుమార్తెలు నెరవేర్చుకునే మార్గాన్ని అల్లాహ్ సుగమం చేయుగాక! ఆమీన్.