రెండు పాయింట్లు

క్రీడాభిమానులలో ఒక వింత గుణం ఉన్నది. ఋతువు చివర వచ్చే గెలుపును ఏళ్ళ తరబడి తలచుకుంటారు. ఆరంభంలో అత్తెసరుగా దక్కిన గెలుపును మాత్రం "ఏదో అదృష్టం, బయటపడ్డాం" అని తేల్చేస్తారు. ఈ తేల్చివేత అన్యాయమని నా అభిప్రాయం. సాక్ష్యానికి ఒక ఆదివారం రాత్రిని గుర్తు చేస్తాను.

2013 ఏప్రిల్ 7. ఉప్పల్ మైదానంలో సన్‌రైజర్స్ హైదరాబాదు, బెంగళూరు రాయల్ ఛాలెంజర్స్. సన్‌రైజర్స్‌కు అది పుట్టాక రెండవ ఆటే. 2009లో కప్పు గెలిచిన డెక్కన్ ఛార్జర్స్ 2012తో అంతరించింది. దాని చోట చెన్నై యాజమాన్యం కొత్త పేరుతో, కొత్త రంగుతో జట్టును నిలబెట్టింది. తిరుమలగిరిలో మా బోటివాళ్ళకు అప్పటికింకా అది మన జట్టో కాదో తేలలేదు. పేరు మార్చినంత సులువుగా అభిమానం మారదు కదా!

బెంగళూరు 130 చేసింది. మనవాళ్ళూ సరిగ్గా 130 దగ్గరే ఆగారు. సూపర్ ఓవరులో కామెరాన్ వైట్ చెలరేగగా మనకు 20 పరుగులు వచ్చాయి. అటుపక్క గేల్, కోహ్లీ. బంతి డేల్ స్టెయిన్ చేతిలో. వాళ్ళు 15 దగ్గర ఆగిపోయారు.

మరునాడు అందరి నోటా వైట్ సిక్సర్లూ, స్టెయిన్ బంతులూ. నా మనసు మాత్రం హనుమ విహారి దగ్గర ఆగింది. పంతొమ్మిదేళ్ళ కాకినాడ కుర్రవాడు. గేల్ వికెట్టు తీసినదీ అతడే, ఒకవైపు వికెట్లు పడుతుంటే 44 పరుగులతో అజేయంగా నిలిచినదీ అతడే. "ఇంకొంచెం వేగంగా ఆడి ఉంటే సూపర్ ఓవరు దాకా వచ్చేదా?" అన్నవారు లేకపోలేదు. ప్రశ్న సబబైనదే. కానీ అతడు కూడా ఔటై ఉంటే సూపర్ ఓవరు ఉండేదా అన్న ప్రశ్న అంతకంటె సబబైనది. ఆరు బంతుల్లో అదృష్టం పాలు ఉండవచ్చు. ఆ ఆరు బంతుల దాకా ఆటను మోసుకురావటంలో ఉన్నది మాత్రం ఓర్పు.

రెండు రోజులు తిరక్కుండానే బెంగళూరులో కోహ్లీ 93 పరుగులతో అజేయంగా నిలిచి బదులు తీర్చుకున్నాడు. మన సంబరం చల్లారింది. ఆ సూపర్ ఓవరును అందరూ మరచిపోయారు.

ఇక మే నెల లెక్క చూడండి. 18న బెంగళూరు చెన్నైని ఓడించి 18 పాయింట్లతో ఆట ముగించి, మన ఫలితం కోసం ఎదురుచూసింది. 19న మనవాళ్ళు కోల్‌కతాను ఓడించి 20 పాయింట్లతో నాలుగవ స్థానం దక్కించుకున్నారు. అందరూ ఆ చివరి ఆటనే కొనియాడారు. ఏప్రిల్ 7న ఆ సూపర్ ఓవరు అటు తిరిగి ఉంటే? వాళ్ళకు 20, మనకు 18. కోల్‌కతాపై గెలిచి కూడా ఇంటికి పోవలసి వచ్చేది. పాయింట్ల పట్టికకు ఏప్రిలు, మే అన్న భేదం తెలియదు. తొలకరిలో పడ్డ గింజకూ, కోతనాటి కంకికీ నడుమ ఉన్న బంధుత్వం రైతుకు తెలిసినట్టు అభిమానికి తెలియదు, అంతే.

ఆ తరువాతి ఆటలో రాజస్థాన్ చేతిలో ఓడి మన కథ ముగిసిందన్నది నిజమే. అందువల్ల ఆ రెండు పాయింట్ల విలువ తగ్గిపోదు.

మరొక మాట. అవి తెలంగాణ ఉద్యమపు రోజులు. మా తిరుమలగిరి అప్పుడు నల్లగొండ జిల్లాలోది. పగలంతా టీ కొట్టు దగ్గర రాష్ట్రం గురించి గొంతులు చించుకొని వాదించిన నోళ్ళే, ఆ రాత్రి విహారి ప్రతి పరుగుకూ ఈలలు వేశాయి. అతనిది ఏ ఊరని ఎవరూ అడగలేదు. ఉద్యమం మీద మాకున్న పట్టుదల దానివల్ల ఆవగింజంతైనా తగ్గలేదు. హక్కుల కోసం కొట్లాట వేరు, మనిషి మీద మమకారం వేరు. ఆ రెంటినీ కలగాపులగం చేసుకోని సంస్కారం మా ఊరి అరుగుల మీద ఉన్నదని ఆ ఆట చూపించింది. జట్టు మనదైనది కూడా ఆ రాత్రే.

2021 జనవరిలో సిడ్నీ టెస్టున, తొడ కండరం పట్టేసి పరుగెత్తలేని స్థితిలో, అశ్విన్ తోడుగా 161 బంతులు ఎదుర్కొని 23 పరుగులతో అజేయంగా నిలిచి ఓటమిని ఆపిన విహారిని చూసి దేశం ఆశ్చర్యపోయింది. నాకు ఆశ్చర్యం కలగలేదు. ఆ నిలకడను ఉప్పల్‌లో ఒకసారి చూసి ఉన్నాను.

కాబట్టి మిత్రులారా, వచ్చే ఋతువులో మన జట్టు తొలి వారాల్లో చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు గెలిస్తే, దయచేసి పెదవి విరవకండి. ఆ రెండు పాయింట్లను జాగ్రత్తగా చీర చెంగున ముడివేసి దాచండి. మే నెలలో అక్కరకొస్తాయి.