కంటికి కనబడని అంగడి



ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి మొదలగునవి ఇంట చేసి అంతర్జాలము ద్వారా అమ్మవలెనని పెక్కుమంది గృహిణు లిప్పుడు సంకల్పించుచున్నారు. మెచ్చదగిన సంకల్పమే. అయితే వారు మాకు వ్రాయు జాబులలో మొట్టమొదటి ప్రశ్న, "వెబ్‌సైటు కట్టించుట కెంత వ్యయమగును?" అనునది. ఆ ప్రశ్నకు చోటు చివర నున్నది. దానికి ముందు ఒక నోటు పుస్తకము, ఒక కలము, నాలుగు సాయంకాలములు కావలెను.

వీధి యంగడిలో కొనువారు మూత తీసి వాసన చూతురు, నాలుకపై వేసికొందురు, పిదప పైకమిత్తురు. అంతర్జాలపుటంగడిలో పైకము ముందు, సరుకు వెనుక. ముఖమెరుగని యొక యిల్లాలు, కడపలోనో కరీంనగరములోనో కూర్చుండి, బొమ్మను చూచి, మీ మాటను నమ్మి డబ్బు పంపుచున్నది. కాబట్టి మీరు నిలుపుకొనగల మాట యెంతయో ముందుగా తేల్చుకొనవలయును.

మొదటి సాయంకాలము సరుకును గూర్చి యోచింపుడు. ఇరువది రకములు పేర్కొని అన్నింటిని అరకొరగా నుంచుటకంటె, మీ చేతికి పేరు తెచ్చిన రెండు రకములతో నారంభించుట మేలు. 1959లో బొంబాయిలో ఏడుగురు స్త్రీలు 80 రూపాయల అప్పుతో లిజ్జత్ అప్పడముల పని ప్రారంభించినపుడు వారికి సరుకొక్కటే. తొలినాడు చేసినవి నాలుగు పొట్లములు. ఇక ఆవకాయకు తగిన కాయ వేసవిలోనే దొరకును. ఆ కొలది దినములలో ఎన్ని జాడీలు పెట్టగలరో అంతయే ఆ యేటి సరుకు. అది తీరినపుడు "అయిపోయినది" అని వ్రాయుటకు సంకోచింపరాదు. ఎచ్చటనో కొన్న పచ్చడిని మీ సీసాలో నింపి పంపిననాడే మీ మాట చెడును.

రెండవ సాయంకాలము ధర. ఇందే మన స్త్రీలు మిక్కిలి నష్టపోవుచున్నారు. ఒక యుదాహరణము చెప్పెదము. ధరలు ఊరూరికి మారును. లెక్క తీరు మాత్రమే చూడుడు. పది కిలోల పచ్చడికి కాయ, కారము, ఆవపిండి, ఉప్పు, నూనె కలిసి 2,400 రూపాయలు, అరకిలో సీసాలు ఇరువదికి 300, చీటీలకు, అట్టపెట్టెలకు 400, మొత్తము 3,100. సీసా యొక్కటికి 155 పడినదని, 175కు అమ్మి 20 రూపాయలు మిగిలినవని సంతోషించువారు కలరు. కాయ తుడిచి, ముక్కలు కొట్టి, కలిపి, సీసాల కెత్తిన యిద్దరు స్త్రీల 12 గంటల పని ఆ లెక్కలో నెచ్చట నున్నది? గంటకు 75 రూపాయల చొప్పున అది 900. అప్పుడు సీసాకు 200 పడును. 175కు అమ్మిన యామె సీసాకు 25 రూపాయల చొప్పున తన కష్టమును ఉచితముగా నిచ్చివేసినది.

"ఇంటి మనిషికి కూలి యేమి?" అని కొందరందురు. ఆమెకు జ్వరము వచ్చి, వేరొకరిని కూలికి పిలువవలసిననాడు ఆ ప్రశ్నకు సమాధానము దొరకును. కావున కూలి వ్రాసి, పగిలిపోవు సీసాలకు, చెల్లింపుల సంస్థ తీసికొను రుసుమునకు కొంత చేర్చి, ఆపైన లాభము వేయుడు. అంగడి డబ్బు ఇంటి ఖర్చులలో కలియకుండ మీ పేర వేరొక బ్యాంకు ఖాతా తెరువుడు. సంవత్సరాంతమున ఏమి మిగిలినదో ఆ ఖాతా చెప్పును.

మూడవ సాయంకాలము రవాణా. కొరియరు సంస్థలు బరువునే గాక పెట్టె పరిమాణమును గూడ చూచును. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000చే భాగించుట వాడుకలోనున్న పద్ధతి. 20, 20, 15 సెంటీమీటర్ల పెట్టెకు అది 1.2 కిలోలగును, లోపల ఒక కిలోయే యున్నను 1.2కే రుసుము కట్టవలసి వచ్చును. కావున సీసాకు తగిన పెట్టెనే కొనుడు. అమ్మకమునకు ముందు దూరపు బంధువుల యింటికి రెండు పార్సెళ్లు పంపి, నూనె కారినదో లేదో తెలిసికొనుడు.

నాలుగవ సాయంకాలము చట్టము. తూనికలను, కొలతలను పరీక్షించుటకు పౌతవాధ్యక్షుడను నధికారి యుండవలెనని కౌటిల్యుడు అర్థశాస్త్రమున విధించినాడు. కొనువారికి రక్షణ కల్పించుట మనకు క్రొత్త గాదు. 2006వ సంవత్సరపు ఆహార భద్రతా చట్టము ననుసరించి, ఇంట వండి అమ్మువారికిని నమోదు గాని లైసెన్సు గాని యుండవలయును. వారిచ్చు 14 అంకెల సంఖ్యను సీసాపై ముద్రింపవలయును. దినుసులు, నికర బరువు, తయారైన తేదీ, ఎంతవరకు వాడవచ్చునో ఆ తేదీ, గరిష్ఠ ధర, మీ చిరునామా చీటీపై నుండవలెను. పొరుగు రాష్ట్రమునకు పంపదలచినచో, అమ్మకము స్వల్పమైనను జీఎస్టీ నమోదు ప్రసక్తి వచ్చును; ఆడిటరు నడిగి తెలిసికొనుడు. అంతర్జాల వ్యాపారమునకై 2020లో చేసిన నియమముల ప్రకారము, ఫిర్యాదు అందినదని 48 గంటలలో తెలిపి, నెలలోగా పరిష్కరింపవలయును. పగిలిన సీసాకు బదులు పంపుదురో, పైకము తిరిగి యిత్తురో ముందే స్పష్టముగా వ్రాయుడు.

ఇక వెబ్‌సైటు. ప్రస్తుతమునకు వాట్సాప్ కేటలాగు చాలునో, పెద్ద సంస్థల వేదికపై చేరి కమీషను చెల్లించుట మేలో, సొంత వెబ్‌సైటు కావలెనో మీ నోటు పుస్తకమే చెప్పును. నెలకు నలువది సీసాలు మాత్రమే చేయగల యామెకు వేల రూపాయల వెబ్‌సైటు భారము. నాలుగు వందలు చేయగల యామెకు అది సాధనము.

లెక్క తేలకుండ అంగడి తెరువవద్దు. తేలిన పిమ్మట జంకవద్దు.