మంచును గట్టు మీద వేయాలా, గదిలో వేయాలా?

శీతాకాలపు కృష్ణా తీరాన్ని నీటిరంగుల్లో పట్టాలనుకునేవారు ఆ చలిలో గట్టు మీదే కూర్చుని వేయాలా, చూసొచ్చి ఇంట్లో వేయాలా? ఇంటివైపు వాదన బలమైనదే, పైగా మన గడ్డ మీద దానికి గురుపరంపర కూడా ఉంది. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటర్జీ నేర్పిన బెంగాల్ వాష్ పద్ధతిలో రంగు పూసి, ఆరనిచ్చి, కాగితాన్ని నీళ్లలో తడిపి మళ్లీ పూస్తారు. మంచుకు కావలసిన మెత్తదనమంతా అందులో ఉంది. అడివి బాపిరాజు గారి కుంచె అక్కడే పదునెక్కింది. ఇంగ్లండులో టర్నర్ కూడా బయట ఎక్కువగా పెన్సిలుతో గీసుకుని, రంగులు తర్వాత లోపల వేసేవారు. గదిలో వేసిన బొమ్మను తక్కువచేసి మాట్లాడడం అన్యాయం.

అయినా నా మొగ్గు గట్టువైపే. కారణం గాలి. వేసవిలో ఇక్కడ కుంచె ఎత్తేలోపే రంగు ఆరి అంచు గట్టిపడుతుంది. ధనుర్మాసపు తెల్లవారుజామున కాగితం చాలాసేపు తడిగానే ఉంటుంది. సీతానగరం వైపునుంచి చూస్తే ఇంద్రకీలాద్రి అడుగు నదిలో కలిసిపోయినట్టు కనిపిస్తుంది కదా, కాగితం మీద బూడిద కలిసిన నీలం కూడా అలాగే తనంతట తాను జారుతుంది. చిక్కూ ఆ తడిలోనే ఉంది. తాటిమానుకు పదునైన గీత కావాలి, దానికి కాగితం ఆరాలి. తొందరపడి రెండో పూత వేస్తే అంతా బురద. ఆరేదాకా ఆగితే ఎండెక్కి మంచు విడిపోతుంది.

చేని రంగు మాత్రం ఇంట్లో దొరకదు. కోసిన వరిచేను దూరంనుంచి ఎండుగడ్డి రంగే. కానీ డెల్టాలో కోతకు కొద్దిరోజుల ముందే చేలో మినుము చల్లుతారు గనక మోళ్ల మధ్య పలచటి పచ్చదనం లేస్తుంటుంది. ఫోన్ కెమెరా తరచూ మంచును తేటచేసి, ఆ పచ్చను చిక్కబరుస్తుంది. ఆ ఫొటో పెట్టుకుని వేస్తే ధనుర్మాసపు చేను శ్రావణమాసపు చేనైపోతుంది.

అందుకే మొదటి తడిపూత, చేని రంగు గట్టు మీదే వేయమంటాను. తాటిమాను, వరికుప్ప ఇంటికొచ్చాక వేసుకోవచ్చు. సగం బొమ్మతో లేచి వచ్చినందుకు సిగ్గుపడనక్కర్లేదు.

చీకటితోనే కాలవగట్టుకు ఒంటరిగా వెళ్లడం ఆడపిల్లలకూ, మోకాళ్ల నొప్పులున్న పెద్దలకూ తేలిక కాదు. ఈ అభ్యంతరానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. డాబా ఉంటే కొంత మేలు. గాంధీ కొండో, మొగల్రాజపురం కొండలో, బెజవాడలో చాలా డాబాల మీదికి ఏదో ఒక కొండ కనిపిస్తుంది. ఆ వేళకి అక్కడి గాలీ తడిదే.