పచ్చదీపం మాట నమ్మవచ్చునా?

విద్యార్థులారా! మీ ఇంట్లో టార్చిలైటు ఉందా? ఒకసారి నొక్కి చూసి రండి. వెలిగిందా? మంచిది. అయితే ఎంతసేపు వెలుగుతుందో చెప్పగలరా?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మన సిక్కోలు జిల్లాలో చాలా ఊళ్ళకు రోజుల తరబడి కరెంటు లేదు. ఆ రోజు రాత్రి ఆమదాలవలసలో మా ఇంటి టార్చిలైటు 40 నిమిషాలు వెలిగి ఆరిపోయింది. అందులోని రెండు సెల్లులనూ అంతకు రెండు రోజుల ముందే చార్జరులో పెట్టాను, పచ్చదీపం వెలిగాకనే తీశాను. సైన్సు మాస్టారి ఇంట్లోనే ఇలాగా అని మా ఆవిడ నవ్వింది.

ఆ చార్జరు సెల్లును చూడదు, కాలాన్ని మాత్రమే చూస్తుంది. ఇన్ని గంటలు గడిచాయి కనుక నిండిందని పచ్చదీపం వెలిగిస్తుంది. పైగా రెండింటినీ శ్రేణిలో కలిపి నింపుతుంది. ఒకటి నిండిపోయి వేడెక్కుతున్నా రెండవది సగంలోనే ఉండవచ్చు.

ఈ మధ్య మా బడికి 'స్మార్ట్ చార్జరు' ఒకటి కొన్నాం. నాలుగు గదులు, ఏ గది లెక్క ఆ గదిదే. దాని తెలివి ఎక్కడుందో చూడండి. నికెల్–మెటల్ హైడ్రైడ్ సెల్లు నిండుతున్న కొద్దీ దాని వోల్టేజి పెరుగుతుంది. పూర్తిగా నిండిన తరువాత పంపే విద్యుత్తు దాచుకోవడానికి చోటు లేక వేడిగా మారుతుంది. ఆ వేడికి వోల్టేజి కొన్ని మిల్లీవోల్టులు తగ్గుతుంది. ఆ చిన్న తగ్గుదలను కనిపెట్టి చార్జరు ఆగిపోతుంది. నెమ్మదిగా నింపితే సెల్లుకు మంచిదని నేనూ చాలాకాలం అనుకున్నాను. కాని మరీ తక్కువ ప్రవాహంలో ఆ తగ్గుదల కనిపించనంత చిన్నదవుతుంది. తెలివైన చార్జరు కూడా అప్పుడు మోసపోవచ్చు!

అందుకే అట్టపెట్టె మీద రాసింది చదివి ఊరుకోవద్దని పదో తరగతి పిల్లలతో చెప్పాను. కొత్త సెల్లు మీద 2000 మిల్లీ ఆంపియర్–గంటలు అని ఉంది. నిండేసరికి చార్జరు తెర 2310 చూపింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నిక్రోమ్ తీగతో 4 ఓమ్‌ల చుట్ట చేసి, సెల్లుకు కలిపి, అరగంటకొకసారి వోల్టేజి రాశాం. ఉదయం ప్రార్థన కాగానే మొదలుపెడితే చివరి గంట కొట్టే వేళకు అది 1 వోల్టుకు దిగింది. ఆరున్నర గంటలు పట్టింది. సగటున 1.2 వోల్టులు, అంటే 0.3 ఆంపియర్లు. గుణిస్తే 1950. మిగిలిన 360 ఏమైంది? చార్జరు చూపింది తాను పోసినది, సెల్లు దాచుకున్నది కాదు. పోసిన దానిలో కొంత వేడిగా పోయింది.

తరువాత మా ఇంటి పాత సెల్లు. తెర మీద 1400 పడింది, చుట్టకు కలిపితే రెండు గంటలే నిలిచింది. అంటే 600! తుఫాను రాత్రి నా దీపం ఎందుకు ఆరిందో ఇప్పుడు తెలిసిందా?

చార్జరు మంచిదే, కొనమనే అంటాను. అయితే కొలవకుండా నమ్మడం నాకు నచ్చదు. అక్టోబరు, నవంబరు మనకు తుఫానుల కాలం. సెప్టెంబరులోనే ప్రతి బడిలోనూ పిల్లలు తమ ఇంటి సెల్లులను తెచ్చి ఇలా పరీక్షించాలి. ఖర్చు ఒక తీగముక్క, ఒక వోల్టుమీటరు, అంతే. ఒక్క జాగ్రత్త! మళ్ళీ చార్జి చేయవచ్చునని సెల్లు మీద రాసి లేకపోతే దానిని చార్జరులో పెట్టకండి. అది కారవచ్చు, పగలవచ్చు. తీగచుట్టను కూడా వేళ్ళతో తాకకండి, వేడెక్కుతుంది.

మా సెల్లుల మీద ఇప్పుడు కొలిచిన అంకె, తేదీ రాసిన కాగితం అంటించి ఉంది. ఆ 600 దానిని తరగతి గోడగడియారంలో వేశాం. నెల దాటింది, ఇంకా తిరుగుతోంది.