కర్మకు వేసిన మార్కులు

మన మాటలు కొన్ని దేశాంతరము పోయి, వేఱొక వేషముతో తిరిగి వచ్చుచుండును. ‘కర్మ’ అట్టి వానిలో నొకటి. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున హోప్ కళాశాలలో చదువుచుండిన రాబ్ మాల్డా అను యువకుడు 1997లో ‘స్లాష్‌డాట్’ అను పేర నొక చర్చావేదికను అంతర్జాలమున నెలకొల్పెను. యంత్రములను గూర్చియో, శాస్త్రమును గూర్చియో వార్త యొకటి అందు ప్రకటింపబడును. దాని క్రింద చదువరులు తమ యభిప్రాయములను వ్రాయుదురు. వ్రాసిన వాని ఖాతాలో జమయగు మంచి చెడ్డల లెక్కకు ఆ వేదికవారు పెట్టిన పేరే కర్మ. మన పెద్దలు చెప్పిన కర్మ యొరుల కంటికి కనబడనిది. ఆ లెక్క 50కి మించరాదని దానికి హద్దు వేసినవారు వీరే! నవ్వు వచ్చుట సహజము. కాని నవ్వు తీరిన పిదప ఆలోచింపదగిన సంగతులు అందు కొన్ని కలవు.

మొదట చర్చను మాల్డాయే కనిపెట్టి చూచుచుండెను. వ్రాయువారు పెరిగిరి. 25 మందిని సాయము పిలిచెను. వారును చాలకపోగా 400 మంది యైరి. తుదకు ప్రత్యేకముగా నియమించుటయే మాని, చదువరులలో నుండియే తీర్పరులను వంతులవారీగా ఎన్నుకొను పద్ధతి యేర్పడెను. దినమంతయు అచటనే కూర్చుండువాడు పనికిరాడు; ఎన్నడో యొకసారి తొంగి చూచువాడును పనికిరాడు. చాలకాలముగా, మితముగా చదువుచు, మంచి పేరు నిలుపుకొన్న వానికి ఒకనాడు అడుగకయే అయిదు పాయింట్లు చేతికి వచ్చును. మూడు దినములలో వినియోగింపకున్న అవి మురిగిపోవును. ఒక పాయింటుతో ఒక వ్యాఖ్యను ఒక మెట్టు ఎక్కింపవచ్చును, లేదా దింపవచ్చును. అట్టడుగు మెట్టు మైనస్ ఒకటి. పై మెట్టు అయిదు. ఊరక ఎక్కించుట, దించుట కాదు. లోతైనదనియో, సమాచారము కలదనియో, అప్రస్తుతమనియో, కయ్యమునకు కాలు దువ్వుచున్నదనియో కారణము చూపవలెను.

అన్నిటికంటె మెచ్చదగిన నియమము వేఱొకటి. ఏ చర్చలో తాను మాటాడెనో ఆ చర్చలో తీర్పు చెప్పరాదు. తీర్పు చెప్పిన పిదప నోరు విప్పెనా, అచట వేసిన పాయింట్లన్నియు రద్దగును. ఆ తీర్పులను సైతము పదేసి చొప్పున ఇతర చదువరుల ముందుంచి, న్యాయమా, అన్యాయమా యని అడుగు ఏర్పాటును తరువాత చేసిరి. అధికారము కొద్దిపాటిది, మూడునాళ్ళది, పైగా మఱొకరి పరిశీలనకు లోబడినది. మన సాహిత్య సభలలో అధ్యక్షపీఠములను పట్టుకొని వ్రేలాడువారు ఈ నియమములను ఒకసారి చదువుట మంచిది.

మైనస్ ఒకటికి దిగిన వ్యాఖ్యయు మాసిపోదు, అక్కడనే యుండును. ఏ మెట్టు వఱకు చదువవలెనో చదువరియే నిర్ణయించుకొనును. నోరు నొక్కుట వేఱు, వెనుక వరుసకు పంపుట వేఱు. మన ప్రబంధకవులు అవతారికలలో సుకవిస్తుతితో పాటు కుకవినిందయు చేసిరి గాని, ఆ కుకవి యెవడో పేరు పెట్టి చెప్పినవారు అరుదు. ఎవనిదో, ఎందుకో తెలియని నింద కంటె కారణము చూపిన మైనస్ ఒకటి మేలని మా తలంపు. అప్రస్తుతమునకు మాత్రము అచట ఆదరము లేదు. మన అష్టావధానమున అప్రస్తుత ప్రసంగికి ప్రత్యేకముగా నొక పీటయే వేయుదుము! హాస్యము గతియు అంతే. నవ్వించు వ్యాఖ్య మెట్టెక్కును గాని, వ్రాసినవానికి కర్మ పెరుగదు. అందుచేత దయగల తీర్పరులు కొందఱు చక్కని చలోక్తికి ‘లోతైనది’ అని ముద్ర వేసి పుణ్యము కట్టుకొనెడివారు.

మా అభ్యంతరము వేఱొకచోట నున్నది. పేరు చెప్పక వ్రాసినవాని వ్యాఖ్య సున్న వద్ద మొదలగును. నమోదైనవానిది ఒకటి వద్ద. మంచి కర్మ కూడబెట్టుకొన్నవానిది రెండు వద్ద. అనగా మాటను చదువకమునుపే పేరు కొంత తీర్పు చెప్పివేయుచున్నది. కుప్పలు తెప్పలుగా వచ్చు వ్యాఖ్యలలో దేనిని ముందు చదువవలెనో తెలియుటకు ఇది యొక ఉపాయమే, కాదనము. కాని మిషిగన్ విశ్వవిద్యాలయమునకు చెందిన క్లిఫ్ లాంప్, పాల్ రెజ్నిక్ అను పరిశోధకులు 2004లో ప్రకటించిన వ్యాసమున ఈ వేదికనే పరీక్షించిరి. మంచి వ్యాఖ్య యేదో తీర్పరులు చాలవఱకు ఏకాభిప్రాయమునకు రాగలిగిరి. కాని దానిని గుర్తించుటకు ఎక్కువ కాలము పట్టినది. ఆలస్యముగా వచ్చినవి, క్రింది మెట్టున మొదలైనవి తగిన చూపునకు నోచుకొనలేదు. ఇంతలో కొందఱు కర్మను పెంచుకొనుటయే ఆటగా పెట్టుకొనగా, వేదికవారు అంకెను దాచి ‘మంచిది’, ‘చెడ్డది’ వంటి మాటలను మాత్రమే చూపసాగిరి.

అమెరికావారి ముచ్చట మన కెందుకని పాఠకులు అడుగవచ్చును. విశ్వవిద్యాలయములు జవాబుపత్రముపై పేరును, నంబరును దాచి, కోడు సంఖ్య వేసి దిద్దుటకు పంపుచున్నవి. నోటి జవాబునకు కోడు సంఖ్య లేదు. ఒకనాడు తరగతిలో ఈ రచయిత చంపకమాలకు యతిస్థానము పదవ యక్షరమని పొరపాటున నల్లబల్లపై వ్రాసెను. అది ఉత్పలమాల లక్షణము. వెనుక బల్లనుండి యొకడు ‘పదకొండండీ’ అనెను. వినబడినది, విననట్లే పాఠము సాగినది. కొంతసేపటికి మొదటి బల్లమీది ర్యాంకు విద్యార్థిని అదే మాట యనగా, వెంటనే దిద్దుకొని ఆమెను మెచ్చుకొనుటయు జరిగినది. తరగతి యంతయు వెనుకకు తిరిగి వానిని చూచినది. వాడు ఆ యేడు మఱల నోరు విప్పలేదు.

పాఠశాలలలో జరుపు వక్తృత్వపు పోటీలకు ఉపాధ్యాయులే న్యాయనిర్ణేతలగుట వాడుక. ఈ యేడు ఒకసారి చీట్లు వేసి, అయిదుగురు పిల్లలను తీర్పరులుగా తీసి చూడుడు. ఒక్కొక్కరికి అయిదు చీటీలు. ప్రతి చీటీపై కారణము. తీర్పు చెప్పువారు ఆనాడు మాటాడరాదు. ర్యాంకు విద్యార్థియు, వెనుక బల్లవాడును సున్న వద్దనే మొదలు కావలెను. మఱునాడు ఆ చీటీలను తక్కిన పిల్లలకు చదివి వినిపించి, ఏది న్యాయమో, ఏది అన్యాయమో అడుగుడు. వాడక మిగిలిన చీటీలను మూడవనాడు తిరిగి పుచ్చుకొనుడు.